ఖల్లివెల్లి... ఏది వదలాలి? ఏది వదలకూడదు?

సాయంత్రం ఆరున్నర. దుబాయిలో సైటు నుంచి సోనాపూర్ క్యాంపుకు పోయే కంపెనీ బస్సు. యాభై మంది ఉన్నా లోపల మాట వినపడదు. పొద్దున వచ్చేటప్పుడు జోకులు వేసుకున్నవాళ్లే ఇప్పుడు కిటికీ అద్దానికి తల ఆనించి కూర్చున్నారు. ఒకరి చేతిలో ఖాళీ టిఫిన్ డబ్బా, ఇంకొకరి ఒళ్లో హెల్మెట్. బస్సు ట్రాఫిక్‌లో ఆగినప్పుడు వెనక సీట్లోంచి ఎవరో ఫోర్‌మన్‌ను తిట్టుకుంటారు. పక్కనున్నాయన కళ్లు తెరవకుండానే అంటాడు: "ఖల్లివెల్లి తమ్మీ, ఇడిసెయ్."

గల్ఫ్‌కు వచ్చిన తెలుగువాడు మొదటి నెలలోనే నేర్చుకునే మాటల్లో ఇదొకటి. అరబ్బీలో దానికి 'పోనీ, వదిలెయ్' అని అర్థం. మనవాళ్ల నోట్లో పడ్డాక దానికి రెండో అర్థం కూడా పుట్టింది. కంపెనీని, కఫీల్‌ను వదిలిపెట్టి, కాగితాలు లేకుండా బయట పని చేసుకునేవాణ్ని 'ఖల్లివెల్లి అయిండు' అంటారు. మనసులోని బరువును దించుకోవడానికీ, చేతిలోని వీసాను పోగొట్టుకోవడానికీ ఒకటే మాట! విచిత్రం ఏమిటంటే, మొదటిది చేతగాకనే చాలామంది రెండోది చేస్తున్నారు.

నేను ఒక కంపెనీలో టైమ్ కీపర్‌గా ఏడేళ్లు హాజరు రాశాను. ఎవడు ఎప్పుడు వచ్చాడు, ఎవడు రాలేదు, ఎవడికి ఎన్ని గంటల ఓటీ అన్నది నా పుస్తకంలో ఉండేది. ఎవడు ఎందుకు రాలేదన్నది మాత్రం ఉండేది కాదు. అది తెలియాలంటే రూములకు వెళ్లాలి. అలా వెళ్లి విన్నవే ఈ వ్యాసంలో చాలా వరకు.

ఒకదాని మీద ఒకటి

ఊళ్లో ఉన్నప్పుడు పని వేరు, ఇల్లు వేరు. పొలంలో మనసు పాడైతే ఇంటికొచ్చి అరుగు మీద కూర్చుంటాం. ఇంట్లో గొడవైతే హోటల్ దాకా వెళ్లి ఒక చాయ్ తాగి వస్తాం. ఇక్కడ ఆ సందు లేదు. పని ఇచ్చేది కంపెనీ, పడుకునే బెడ్డు కంపెనీది, ఎక్కే బస్సు కంపెనీది, దేశంలో ఉండటానికి కావలసిన కాగితమూ కంపెనీదే. పైగా పొద్దంతా సైటులో మొహం చూసినవాడే రాత్రి కింది బంకులో గురక పెడతాడు. డ్యూటీ దిగినట్టే ఉంటుంది గానీ దిగి వెళ్లే చోటేదీ?

దాని మీద అప్పు. లక్షన్నర తెచ్చి ఏజెంటుకు కట్టి వచ్చినవాణ్ని తీసుకోండి. ఊళ్లో నూటికి మూడు రూపాయల వడ్డీ అంటే నెలకు నాలుగు వేల ఐదు వందలు, ఏడాదికి 54 వేలు. అసలులో ఒక్క రూపాయి తగ్గకుండానే! ఈ లెక్క రాయనక్కర లేదు, ప్రతివాడికీ నోటికొచ్చు. బండ ఎత్తుతున్నప్పుడూ, సిమెంటు కలుపుతున్నప్పుడూ, కునుకు పట్టబోతున్నప్పుడూ ఈ లెక్కే తిరుగుతుంటుంది. ఫోర్‌మన్ ఒక మాట అంటే ఊళ్లో అయితే 'నీ పని నువ్వే చేసుకో' అని తట్ట అక్కడే పడేసి వచ్చేవాడు. ఇక్కడ మాట మింగుతాడు. ఆ మింగిన మాట ఎక్కడికీ పోదు.

పోదు అని ఊరికే అనడం లేదు. మనల్ని ఎవరైనా గద్దించినప్పుడు ఒళ్లు కొట్లాటకైనా, పరుగుకైనా సిద్ధమవుతుంది. అడ్రినలిన్, కార్టిసాల్ అనే హార్మోన్లు రక్తంలోకి వస్తాయి. గుండె వేగం పెరుగుతుంది, కండరాలు బిగుసుకుంటాయి, కడుపులో అరుగుదల మందగిస్తుంది. కొట్లాడితే, పరిగెత్తితే అది ఖర్చయిపోతుంది. తల వంచుకుని నిలబడితే లోపలే ఉండిపోతుంది. రోజుకు ఒకసారి అయితే ఒళ్లే సర్దుకుంటుంది. పొద్దునొకసారి, మధ్యాహ్నమొకసారి, నెలల తరబడి అయితే నిద్ర చెడుతుంది, బీపీ పెరుగుతుంది, మెడ, నడుము పట్టేస్తాయి. 'నాకు గ్యాస్ సమస్య' అని మందుల షాపు చుట్టూ తిరిగేవాళ్లలో కొందరి అసలు రోగం ఇదే.

బయటపడే తీరు కూడా చిత్రంగా ఉంటుంది. ఫోర్‌మన్ మీద కోపం ఫోర్‌మన్ మీద చూపించలేం కదా. అది రూములో ఏసీ రిమోటు దగ్గర, వంట వంతు దగ్గర, బాత్రూం క్యూలో బయటికొస్తుంది. పన్నెండేళ్ల దోస్తులు ఉప్పు ఎక్కువైందని చేతులు కలుపుకున్న రూము నాకు తెలుసు. తర్వాత ఇద్దరూ ఏడ్చారు. ఉప్పు సంగతి కాదని ఇద్దరికీ తెలుసు.

ఫోన్ దగ్గర తెగే తాడు

అన్నిటికన్నా ఎక్కువగా ఆ కోపం పోయి పడేది ఇంటి మీద. దీనికి కారణం మనుషుల చెడ్డతనం కాదు, గడియారం. ఎమిరేట్స్‌లో రాత్రి ఏడున్నర అయితే మన ఊళ్లో తొమ్మిది. సౌదీ, కువైట్, ఖతర్, బహ్రెయిన్‌లలో ఏడున్నర అయితే అక్కడ పది. పిల్లలు పడుకునేలోపు గొంతు వినాలంటే బస్సులోంచే, లేదా రూములో అడుగుపెట్టీ పెట్టగానే ఫోన్ చేయాలి. అంటే పొద్దున్నుంచి మింగిన మాటలన్నీ ఇంకా గొంతులోనే ఉన్న సమయంలో!

అవతల ఆమె కూడా పొద్దంతా ఆగి ఉంటుంది. బిడ్డ స్కూలు ఫీజు, అత్తకు కంటి ఆపరేషన్, వడ్డీకి ఇచ్చినాయన ఇంటి ముందుకొచ్చి అన్న మాట, మేనమామ కూతురి పెళ్లికి పెట్టాల్సిన చీర. ఇవన్నీ చెప్పుకోవడానికి ఆమెకు ఇంకెవరున్నారు? మొదటి రెండు నిమిషాల్లోనే చెబుతుంది. ఇవతలాయన చెవికి అవి మాటల్లా వినపడవు, బిల్లుల్లా వినపడతాయి. "నేనేమన్న ఇక్కడ పైసల చెట్టు ఊపుతున్ననా?" అంటాడు. ఫోన్ కట్ అవుతుంది. ఆమె అక్కడ ఏడుస్తుంది, ఈయన ఇక్కడ అన్నం తినకుండా గోడవైపు తిరిగి పడుకుంటాడు. మర్నాడు పొద్దున నాలుగింటికి లేచి అదే మనసుతో పరంజా ఎక్కుతాడు. పైన ఎక్కినవాడి మనసు కింద ఉండటం ఎంత ప్రమాదమో సైటులో పనిచేసినవాళ్లకు చెప్పనక్కర లేదు.

జగిత్యాల వైపు నుంచి వచ్చిన ఒక మేస్త్రీ దీనికొక ఉపాయం చేశాడు. ఆయన ఫోన్‌ను రెండు ముక్కలు చేశాడు. బస్సులోంచి పిల్లలకు మాత్రమే, అయిదు నిమిషాలు. ఏం తిన్నవ్ బిడ్డా, స్కూల్ల ఏం చెప్పిండ్రు, అంతే. డబ్బు సంగతి ఆ ఫోన్‌లో ఎవరూ ఎత్తకూడదు. స్నానం చేసి, తిని, ఒళ్లు చల్లబడ్డాక భార్యకు రెండో ఫోన్. అప్పు, ఖర్చుల లెక్క మాత్రం వారానికి ఒక్కరోజు, సెలవు నాడు పగటిపూట. "మొదట్ల మా ఆమె ఒప్పుకోలే. ఇంక నాతోటి మాట్లాడుడే బరువైందా అన్నది. నెల రోజులు అయినంక ఆమెనే అన్నది, ఇప్పుడు నువ్వు నా పాత మనిషి లెక్క మాట్లాడుతున్నవ్ అని" చెప్పాడాయన నవ్వుతూ.

అన్ని ఇళ్లలో ఇది కుదరకపోవచ్చు. ఆపద వచ్చినప్పుడు ఆదివారం దాకా ఆగమని ఎవరూ అనరు. కానీ ఒళ్లు కడుక్కోకముందు డబ్బు మాట వద్దు అన్న ఒక్క కట్టుబాటు పెట్టుకున్నా సగం గొడవలు తగ్గుతాయని ఆయన నమ్మకం. నా నమ్మకం కూడా. ఇంకో మాట. 'నేను బాగనే ఉన్న' అని అబద్ధం చెప్పడం మనవాళ్లందరికీ అలవాటు. ఇంట్లోవాళ్లు బెంగపడతారని దాస్తాం. వాళ్లూ అటు నుంచి దాస్తారు. అంతా దాచనక్కర లేదు. 'ఈరోజు పని ఎక్కువ ఉండె, మనసు బాగలేదు, రేపు మాట్లాడుత' అని నిజం చెబితే ఆమెకు అర్థమవుతుంది. ఏమీ చెప్పకుండా కసురుకుంటేనే అర్థం కాదు.

ఒళ్లు దించుకుంటే మనసు దిగుతుంది

మనసును నేరుగా 'ఆగు' అంటే ఆగదు. ఒళ్లు మాత్రం మన మాట వింటుంది. అందుకే దారి ఒంటి నుంచి మొదలుపెట్టాలి.

బస్సులో కూర్చున్నాక ఫోన్ జేబులో పెట్టండి. ముక్కుతో మెల్లగా నాలుగు లెక్కపెట్టేదాకా ఊపిరి తీసుకుని, ఆరు లేదా ఏడు లెక్కపెట్టేదాకా వదలండి. తీసుకోవడం కన్నా వదలడం పొడుగ్గా ఉండటమే ఇందులో కిటుకు. ఊపిరి వదిలేటప్పుడు గుండె వేగం కాస్త తగ్గుతుంది. అయిదు నిమిషాలు చేస్తే భుజాలు కిందికి జారినట్టు మీకే తెలుస్తుంది. దీనికి చాప అక్కర లేదు, గురువు అక్కర లేదు, పక్కవాడికి తెలియనే తెలియదు.

రాత్రి బంకు మీద చేసుకునేది ఇంకొకటి ఉంది. ఎడ్మండ్ జాకబ్సన్ అనే అమెరికా వైద్యుడు 1929లో ఒక పుస్తకం రాసి చెప్పిన పద్ధతి. పాదాలను గట్టిగా బిగించి, అయిదారు సెకన్లు ఆపి, ఒక్కసారి వదిలేయాలి. తర్వాత పిక్కలు, తొడలు, పొట్ట, పిడికిళ్లు, భుజాలు, చివరికి మొహం. బిగించి వదిలితేనే ఒంటికి 'వదలడం' అంటే ఏమిటో తెలుస్తుందన్నది ఆయన మాట. సైటులో దెబ్బ తగిలిన చోటును మాత్రం బిగించొద్దు. పొట్ట దాకా వచ్చేసరికే నిద్ర పట్టేవాళ్లు ఉన్నారు.

రేపటి పని బుర్రలో తిరుగుతూ నిద్ర పట్టనివాళ్లు ఒక చిన్న పుస్తకం పెట్టుకోండి. అమెరికాలోని బేలర్ యూనివర్సిటీవాళ్లు 57 మంది యువకులతో ఒక ప్రయోగం చేసి 2018లో ప్రచురించారు. పడుకోబోయే ముందు అయిదు నిమిషాలు, చేయాల్సిన పనులు రాసుకున్నవాళ్లకు, అయిపోయిన పనులు రాసినవాళ్లకన్నా తొందరగా నిద్ర పట్టింది. చదువు రానివాళ్లు ఏం చేయాలి? ఫోన్‌లో తమ గొంతే రికార్డు చేసుకోవచ్చు. 'రేపు టైమ్ కీపర్‌ను ఓటీ అడగాలె, అకామా రెన్యువల్ ఎక్కడిదాక వచ్చిందో అడగాలె, తమ్మునికి రెండు వేలు పంపాలె' అని చెప్పేసి పడుకోవడం. అది బుర్రలోంచి ఫోన్‌లోకి మారుతుంది.

ఎండాకాలం మధ్యాహ్నపు విరామం సంగతి. ఎమిరేట్స్‌లో జూన్ 15 నుంచి సెప్టెంబర్ 15 దాకా పన్నెండున్నర నుంచి మూడు వరకు, సౌదీలో అవే తేదీల్లో పన్నెండు నుంచి మూడు వరకు ఎండలో పని చేయించకూడదు. ఖతర్‌లో జూన్ 1 నుంచి సెప్టెంబర్ 15 దాకా పది నుంచి మూడున్నర. కువైట్‌లో జూన్, జులై, ఆగస్టు నెలల్లో పదకొండు నుంచి నాలుగు. ఆ సమయంలో చాలామంది అట్టముక్క పరుచుకుని రీల్స్ చూస్తారు. అదే అట్టముక్క మీద ఇరవై నిమిషాలు కళ్లు మూసుకుంటే సాయంత్రం డ్యూటీ తేడా తెలుస్తుంది. ఇక్కడ ఒక హెచ్చరిక. ఎండలో పని చేస్తుండగా తలనొప్పి, కళ్లు తిరగడం, వాంతి వచ్చినట్టుండటం, మాట తడబడటం టెన్షన్ కాదు, వడదెబ్బ. 'ఖల్లివెల్లి' అని ఊరుకోకుండా వెంటనే నీడకు చేర్చి ఒళ్లు తడిపి చల్లబరచాలి, సేఫ్టీవాళ్లను పిలవాలి. అలాగే ఛాతీలో బరువు, ఎడమ చేతికో దవడకో పాకే నొప్పి, చల్లచెమట ఉంటే గ్యాస్ గోలీ వేసుకుని పడుకోవద్దు. అంబులెన్సు నంబరు ఎమిరేట్స్‌లో 998, సౌదీలో 997, కువైట్‌లో 112, ఖతర్‌లో 999. ఎంత వయసువాడైనా సరే, పిలవండి.

దించేదనుకుని ఎక్కించుకునేవి

టెన్షన్ పోవడానికని మనవాళ్లు పట్టుకునేవాటిలో మొదటిది మందు. ఒక్క రాత్రికి మరపు వస్తుంది, నిజమే. కానీ తాగి పడుకున్న నిద్ర అర్ధరాత్రి దాటాక ముక్కలవుతుంది, తెల్లారేసరికి గుబులు రెట్టింపు అవుతుంది. మద్యం నిషేధం ఉన్న దేశాల్లో దొరికేది ఇంకా ప్రమాదం. 2025 ఆగస్టులో కువైట్‌లో మిథనాల్ కలిసిన కల్తీ సారా తాగి 23 మంది చనిపోయారు. ఆస్పత్రుల్లో చేరినవాళ్లు 160 మంది. కొందరికి చూపు పోయింది. బాధితులంతా ఆసియా దేశాలవాళ్లేనని అక్కడి ఆరోగ్య శాఖ చెప్పింది. వాళ్లంతా చెడ్డవాళ్లు కాదు. వాళ్లలో ఎంతమంది ఒక రోజు బరువును ఒక్క రాత్రి మరిచిపోదామని కూర్చున్నవాళ్లో!

రెండోది క్రికెట్ బెట్టింగ్. అప్పు తీర్చడానికని మొదలుపెట్టి కొత్త అప్పు తెచ్చుకోవడం. దీని గురించి ఎక్కువ రాయను. జీతం పడిన రోజు రాత్రే ఖాళీ చేసుకున్నవాళ్లు ప్రతి క్యాంపులో ఒకరిద్దరు ఉంటారు, వాళ్లనే అడగండి. ఇక ఎనర్జీ డ్రింకు. అలసట పోతుందని ఓటీకి ముందు ఒక డబ్బా తాగుతారు. అందులోని కెఫీన్ సగం తగ్గడానికే అయిదారు గంటలు పడుతుంది. సాయంత్రం ఆరింటికి తాగింది రాత్రి పదకొండింటికీ ఒంట్లో ఉంటుంది. నిద్ర లేదు గనక మర్నాడు ఇంకో డబ్బా.

అది టెన్షన్ కాదు, ఫిర్యాదు

ఇప్పుడు అసలు సంగతి. ఊపిరి లెక్కపెట్టుకుంటే పోయేది టెన్షన్. మూడు నెలల జీతం రాకపోతే అది టెన్షన్ కాదు. పాస్‌పోర్టు తీసుకుని ఇవ్వకపోతే, కొడితే, బూతులు తిడితే, పద్నాలుగు గంటలు చేయించి ఎనిమిదే రాస్తే అదీ టెన్షన్ కాదు. దాన్ని వదిలేయమని చెప్పేవాడు మన మంచి కోరేవాడు కాదు. దాన్ని కాగితం మీద పెట్టాలి.

2022 ఫిబ్రవరి నుంచి అమలులో ఉన్న ఎమిరేట్స్ కార్మిక చట్టం ప్రకారం మామూలు పని రోజుకు 8 గంటలు, వారానికి 48. ఓటీ రోజుకు రెండు గంటలకు మించకూడదు. ఓటీ గంటకు మామూలు గంట జీతం మీద 25 శాతం ఎక్కువ ఇవ్వాలి, రాత్రి పది నుంచి పొద్దున నాలుగు మధ్య చేయిస్తే 50 శాతం. షిఫ్టుల్లో పనిచేసేవాళ్లకు రాత్రి లెక్క వేరు. అన్నిటికీ మించి, పై అధికారి గానీ తోటివాడు గానీ కార్మికుణ్ని మాటతోనో, చేతితోనో, మానసికంగానో హింసించడాన్ని ఆ చట్టం నిషేధించింది. అంటే ఫోర్‌మన్ నోటి దురుసు మన నుదుటి రాత కాదు. ఫిర్యాదు చేయగానే అన్నీ చక్కబడతాయని నేను చెప్పను. ఏడేళ్లలో నేను చూసినవాటిలో కొన్ని గెలిచాయి, కొన్ని నెలలు సాగాయి. కానీ తేదీ, గంటలు, అన్న మాట, పక్కనున్న సాక్షి పేరు రాసి పెట్టుకున్నవాడికి ఒక బలం ఉంటుంది. బుర్రలో రోజూ తిరిగే మాట కాగితం మీదికి వెళ్తే కొంత నిద్ర కూడా పడుతుంది.

ఒకే ఫోర్‌మన్ కింద పనిచేసిన ఇద్దరు కుర్రాళ్ల సంగతి చెబుతాను. ఇద్దరిదీ నిజామాబాద్ జిల్లానే. ఒకే వారంలో ఇద్దరూ నలుగురి ముందు తిట్లు తిన్నారు. మొదటివాడు ఆ రాత్రే సంచి సర్దుకుని షార్జాలో ఎవరో 'బయట పని' ఉందన్నారని వెళ్లిపోయాడు. రోజుకు ఇక్కడికన్నా ఎక్కువే వచ్చింది, మొదటి నాలుగు నెలలు. తర్వాత కంపెనీ పరారీ కేసు పెట్టింది. జబ్బు చేస్తే ఆస్పత్రికి పోవడానికి భయం, రోడ్డు మీద పోలీసు బండి కనిపిస్తే భయం, పని చేయించుకున్నవాడు డబ్బు ఎగ్గొడితే అడగడానికి భయం. ఒక్క ఫోర్‌మన్‌కు భయపడి వెళ్లినవాడు ఊరందరికీ భయపడాల్సి వచ్చింది. తండ్రి పోయినా ఇంటికి వెళ్లలేకపోయాడు. 2024 సెప్టెంబర్ 1 నుంచి డిసెంబర్ 31 దాకా ఎమిరేట్స్ ప్రభుత్వం ఇచ్చిన క్షమాభిక్షలో బయటపడి ఊరు చేరాడు. అలాంటి అవకాశం ఎప్పుడొస్తుందో, వస్తుందో రాదో ఎవరికీ తెలియదు.

రెండోవాడు సంచి సర్దలేదు. రూములో పెద్దాయన అన్నాడట, "ఇయ్యాల కోపం మీద ఉన్నవ్. ఇయ్యాల ఏం నిర్ణయం తీసుకోకు. రెండు రాత్రులు పండుకొని లేచినంక చూద్దాం." రెండు రాత్రుల తర్వాత సాక్షులుగా ఇంకో ముగ్గురిని తీసుకుని క్యాంపు బాస్ దగ్గరికి, అక్కడి నుంచి ఆఫీసుకు వెళ్లాడు. ఫోర్‌మన్‌ను తీసేయలేదు. ఈ కుర్రాణ్ని ఇంకో సైటుకు మార్చారు. అంతే జరిగింది. ఆ అంతే చాలింది. ఇప్పుడు వాడు స్టీల్ ఫిక్సర్ చార్జ్‌హ్యాండ్, రెండుసార్లు సెలవుకు వెళ్లివచ్చాడు.

ఇంటిపని చేసే అక్కచెల్లెళ్లు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ క్యాంపు కబుర్లు. రాయచోటి, రాజంపేట, కోడూరు వైపు నుంచీ, గోదావరి జిల్లాల నుంచీ కువైట్, మస్కట్ ఇళ్లలో పనికి వచ్చిన ఆడవాళ్లకు బస్సు లేదు, రూమ్మేట్ లేదు, డ్యూటీ దిగే గంటే లేదు. పడుకునే గదిలోకి కూడా పిలుపు వస్తుంది. రోజంతా తెలుగులో ఒక్క మాట మాట్లాడకుండా గడిచిపోతుంది. మాట్లాడే మనిషి లేకపోవడమే వాళ్లకు పెద్ద బరువు.

కడప జిల్లా నుంచి వచ్చి కువైట్‌లో తొమ్మిదేళ్లుగా ఇంటిపని చేస్తున్న ఒకామె తన సంగతి చెప్పింది. "బట్టలు ఆరేసేదానికి మిద్దెమీదికి పోతాను గదా, ఆ పావుగంట నాది. ఫోన్‌లో మాయమ్మతో మాట్లాడతా, లేదంటే ఊరికే ఆకాశం చూస్తా నిలబడతా. ఆ పావుగంట లేకుంటే నాకు పిచ్చి పట్టిండేది." ఆమె ఆ పావుగంటను ఎవరినీ అడిగి తీసుకోలేదు, రోజూ అదే వేళకు పని కల్పించుకుని అలవాటు చేసింది. చట్టం అంతకన్నా ఎక్కువే ఇచ్చింది. కువైట్‌లో 2015 నాటి 68వ నంబరు చట్టం ప్రకారం ఇంటిపనివాళ్లకు వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని, మధ్యలో విశ్రాంతి, ఏడాదికి నెల రోజుల జీతంతో సెలవు ఉండాలి. అన్ని ఇళ్లలో అమలవుతుందా అంటే నవ్వుతారు. కానీ మీకు తెలిసి ఉండటం మేలు. కొట్టడం, తిండి పెట్టకపోవడం, చెడుగా ప్రవర్తించడం జరిగితే అక్కడి భారత రాయబార కార్యాలయంలో ఇంటిపని ఆడవాళ్లకు ఆశ్రయం ఇచ్చే చోటు ఉంది. ఎలా వెళ్లాలో, ఎవరికి ఫోన్ చేయాలో ముందే కనుక్కుని నంబరు కంఠతా పట్టండి. ఫోన్ లాక్కుంటే కంఠతా వచ్చిన నంబరే మిగులుతుంది.

రూములో ఎవరైనా మారిపోతుంటే

కొందరికి ఇది ఊపిరితో, స్నానంతో పోయేది కాదు. రెండు మూడు వారాలుగా సరిగా తినడు, నిద్రపోడు, ఎప్పుడూ మాట్లాడేవాడు మౌనమైపోతాడు, ఇంటికి ఫోన్ మానేస్తాడు, తన వస్తువులు పంచిపెడతాడు, 'నేను లేకుంటేనే అందరికీ నయం' అంటాడు. ఆ మాటను నవ్వుకోకండి, 'మగోడివి, ధైర్యంగా ఉండాలె' అని కసరకండి. పక్కన కూర్చుని నేరుగా అడగండి: చచ్చిపోవాలనిపిస్తోందా అని. అడిగితే ఆ ఆలోచన కొత్తగా పుట్టదు. నిజానికి ఎవరో ఒకరు అడిగినందుకే కొందరు గుండె విప్పుతారు. ఆ రాత్రి వాణ్ని ఒంటరిగా వదలొద్దు. క్యాంపు బాస్‌కు చెప్పి ఆస్పత్రికి తీసుకెళ్లండి. రాయబార కార్యాలయానికి గానీ, దుబాయిలో అయితే ప్రవాసీ భారతీయ సహాయతా కేంద్రానికి గానీ తెలియజేయండి. ఇంటివైపువాళ్లు కూడా ఊరి నుంచి 14416కు ఫోన్ చేయొచ్చు. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరులో మొదలుపెట్టిన టెలి మానస్ నంబరు అది. 24 గంటలూ ఉచితం, తెలుగులో మాట్లాడతారు. గల్ఫ్‌లో ఉన్న భర్త గురించి దిగులు పడే భార్యకు కూడా అది పనికొస్తుంది. ఆమె మనసు కూడా మనసే కదా.

మందులు వాడాల్సి వస్తే ఉద్యోగం పోతుందేమోనని చాలామంది దాస్తారు. ఆ భయంలో నిజం లేదని చెప్పలేను. కానీ దాచిపెట్టి పరంజా మీద నుంచి పడినవాళ్ల కన్నా, సెలవు పెట్టి ఆరు వారాలు చికిత్స తీసుకుని తిరిగొచ్చినవాళ్లే నయంగా ఉన్నారని నా హాజరు పుస్తకం చెబుతుంది.

మేకు

జగిత్యాల మేస్త్రీ రూము గురించి చెప్పి ఆపుతాను. ఎనిమిది మంది ఉంటారు. తలుపు పక్కన గోడకు ఎనిమిది మేకులు కొట్టి ఉన్నాయి, హెల్మెట్లకు. రూము కట్టుబాటు ఒకటే. హెల్మెట్ మేకుకు తగిలించాక ఫోర్‌మన్ పేరు గానీ, సైటు మాట గానీ ఎత్తినవాడు ఆ రాత్రి ఎనిమిది మంది గిన్నెలూ తోమాలి. తిట్టుకోవాలనుకుంటే బయట మెట్ల మీద హెల్మెట్ నెత్తిన పెట్టుకుని కూర్చుని ఎంతసేపైనా తిట్టుకోవచ్చు. మొదట్లో మెట్ల మీద గంట గంట కూర్చునేవారట. ఇప్పుడు పది నిమిషాల్లో లేచి లోపలికొస్తున్నారు. నెత్తిన హెల్మెట్‌తో ఎక్కువసేపు తిట్టడం కష్టం, ఉక్కపోస్తుంది!

నేను వెళ్లిన రోజు పప్పు, చింతకాయ తొక్కు, అన్నం. తింటూ తింటూ మేస్త్రీగారే నాకు ఏదో వివరిస్తూ, "మొన్న మా ఫోర్‌మన్ ఏం జేసిండంటే..." అని నాలుక కరుచుకున్నాడు. ఏడుగురూ ఒక్కసారి తలలెత్తి, ముద్ద నోట్లో పెట్టుకోకుండానే నవ్వడం మొదలుపెట్టారు. నేను బయటికొచ్చేటప్పుడు ఆయన లుంగీ పైకి కట్టి సింకు దగ్గర నిలబడి ఉన్నాడు. పెద్ద గిన్నె అడుగంటినట్టుంది, ఇంకా తోముతూనే ఉన్నాడు.